వెనక కోర్టులో రిజ్వానా అక్క

ఎండాకాలంలో షటిల్ కాక్‌ల ఈకలు పెళుసెక్కుతాయి. నరసరావుపేట వడగాలికి కొత్త డబ్బా మూత తీసిన కాసేపటికే, నాలుగు గట్టి దెబ్బలు పడేసరికి ఈకలు పుటుక్కున విరుగుతాయి. అందుకని పొద్దున్నే, నా దగ్గర ఆట నేర్చుకునే పిల్లలు రాకముందు, చిన్న గిన్నెలో నీళ్లు మరగబెట్టి, ఆవిరి లోపలికి పట్టేలా డబ్బాను కాసేపు దానిపైన పట్టుకుంటాను. ఈకలు తడి పీల్చుకుని కాస్త మెత్తబడతాయి. అప్పుడొక వాసన లేస్తుంది. వానలో తడిసిన కోళ్ల గంప పక్కన నిలబడ్డట్టుంటుంది. దాని అడుగున సన్నగా జిగురు వాసన. మొన్నొక పొద్దున ఆ వాసన మామూలు కంటే గట్టిగా తగిలింది. గిన్నె దించేసి, డబ్బా పక్కన పెట్టి, హాలు మెట్ల మీద కూర్చుండిపోయాను. పిల్లలు వచ్చి, "ఏంది మేడమ్, ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. ఒంట్లో బాగానే ఉంది. రిజ్వానా అక్క గుర్తొచ్చింది, అంతే. ఈకలకు ఆవిరి పట్టడం నాకు నేర్పింది ఆమే. వాళ్ల నాన్న ట్రాక్టర్ల షెడ్డులో, టీ కాచుకునే స్టవ్వు మీద.

రిజ్వానా అక్క నా డబుల్స్ జోడీ. నేను ముందు, నెట్టుకు దగ్గరగా. ఆమె వెనక. రాష్ట్రంలో చాలాకాలం మమ్మల్ని ఓడించే జోడీ లేకపోయింది. జాతీయ పోటీల్లో సెమీఫైనల్ దాకా వెళ్లాం. అయినా ఆమె పేరు మీలో ఎవరూ విని ఉండరు. సింగిల్స్ గెలిచినవాళ్లనే జనం నాలుగు రోజులు మెచ్చుకుని మరిచిపోతారు, ఇక డబుల్స్ ఆడేవాళ్లను ఎవరు పట్టించుకుంటారు? ఆమె పోయి ఏడాది దాటింది. ఆమె దగ్గర ఆట నేర్చుకున్న పిల్లలూ, ట్రాక్టర్లు బాగుచేయించుకోవడానికి వాళ్ల షెడ్డుకు వచ్చే రైతులూ తప్ప పేటలో ఇప్పుడు ఆమె సంగతి ఎత్తేవాళ్లు లేరు. ఆమెను ఎరగనివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మాది రొంపిచెర్ల. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు నా చేతికి రాకెట్ ఇచ్చారు. సింగిల్స్‌లో జిల్లాలో గెలిచాక ఆయనే నన్ను నరసరావుపేట తీసుకొచ్చి, తనకు తెలిసిన కోచ్‌కు అప్పగించారు. ఆ కోచ్ నన్ను ఒక పూట ఆడించి చూసి, "సింగిల్స్‌కి నీ ఎత్తు సరిపోదమ్మా. కాళ్లు మాత్రం చురుకు. డబుల్స్ ఆడు," అని, మూలన కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్న అమ్మాయిని పిలిచారు. నాకన్నా రెండు మూడేళ్లు పెద్దది. పొడుగ్గా ఉంది. భుజాలు వెడల్పు. జడను మెడ దగ్గర మడిచి గట్టిగా కట్టుకుంది. నిక్కరు కింద పాదాల దాకా నల్లటి లెగ్గింగ్. నా వంక చూసి నవ్వనైనా నవ్వలేదు.

ఆ మొదటిరోజు నేను కోర్టంతా పరుగెత్తాను. ముందు పడిందీ నేనే కొట్టాను, వెనక పడిందీ నేనే. నా చురుకు చూపించుకోవాలని తాపత్రయం. కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే ఆమె రాకెట్ నేల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఏందక్కా, ఆడవా?" అన్నాను ఆయాసపడుతూ.

"నువ్వు ఆడతన్నావుగా. నా కాడికి వచ్చినయ్యి గూడా నువ్వే కొడతన్నావు. ఇంక నేనెందుకు?"

"అందింది, కొట్టా."

"అందిందల్లా నీది కాదే. నువ్వు ఎనక్కొచ్చి కొడితే ముందు ఎవరుంటారు? నువ్వు ఒదిలేస్తే నేను కొడతా. ముందు ఒదలటం నేర్చుకో."

వదలడం నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. సింగిల్స్‌లో కోర్టు మొత్తం మనదే, తప్పు మనదే, గెలుపు మనదే. డబుల్స్ అలా కాదు. కాక్ మన తల మీదుగా వెనక్కి పోతున్నప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే ఎదుటివాళ్లు కొట్టే తర్వాతి దెబ్బ తప్పిపోతుంది. వెనక మనిషి ఉంది, ఆమె కొడుతుంది అని నమ్మి, రాకెట్ పైకెత్తి నెట్టు వైపే చూస్తుండాలి. ఆమె బూట్లు నేలకు తగిలే చప్పుడును బట్టి ఏ మూలకు వెళ్లిందో, గట్టిగా కొట్టబోతోందో మెల్లగా వదలబోతోందో తెలుసుకోవాలి. నాకా చప్పుడు అలవాటైన రోజు నుంచి మేం గెలవడం మొదలుపెట్టాం. అప్పుడు గాని ఆమె నాతో సరదాగా మాట్లాడలేదు. మాట్లాడటం మొదలుపెట్టాక మాత్రం ఇక ఆపలేదు.

వాళ్ల నాన్న మస్తాన్ బాబాయ్ ట్రాక్టర్ మెకానిక్. ఇంటి ముందే షెడ్డు. విప్పిన ఇంజన్లు, పాత టైర్లు, ఆయిలు డబ్బాలు దాటుకుంటూ లోపలికి వెళితే రెండు గదుల ఇల్లు. వాళ్లమ్మ జాన్‌బీ పిన్ని నేను వెళ్లేసరికి నాకొక గ్లాసు పాలు ఉంచేది. రొంపిచెర్ల నుంచి బస్సులో వచ్చి, ప్రాక్టీసు అయ్యాక అక్కడే తిని, మళ్లీ సాయంత్రం ప్రాక్టీసు చేసుకుని ఇంటికి పోయేదాన్ని. ఇంట్లో వాళ్లు ఉర్దూలో మాట్లాడుకునేవాళ్లు. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే అందరూ తెలుగులోకి మారేవాళ్లు. కొన్నాళ్లకు నాకు ఉర్దూ ముక్కలు అర్థమవుతున్నాయని తెలిసి, మారడం మానేశారు. అది నన్ను ఇంటి పిల్లగా లెక్కవేసుకున్నందుకని నాకు గర్వంగా ఉండేది.

మా నాన్నకు ఈ ఆట మొదటినుంచీ ఇష్టం లేదు. ఆయన మిరప, పత్తి వేసే రైతే గాని పంచాయతీ ఎన్నికలంటే పొలం వదిలేసి తిరిగే మనిషి. పదో తరగతి అవగానే మాన్పించేస్తానన్నాడు. ఒకసారి ట్రాక్టర్ మరమ్మత్తుకు మస్తాన్ బాబాయ్ షెడ్డుకు వచ్చి, అక్కడే ఆ మాట ఎత్తాడు. నేను లోపల గదిలో ఉన్నాను, వినపడుతోంది.

"నలుగురిలో తిరిగేవోణ్ని మస్తానూ. ఆడపిల్ల నిక్కరేసుకుని ఊళ్లు తిరుగుతుందంటే నన్నెవరు లెక్కజేస్తారు?"

మస్తాన్ బాబాయ్ చేతి గుడ్డతో వేళ్లు తుడుచుకుంటూ, "మా వాళ్లు నన్ననని మాట లేదన్నా," అన్నాడు. "మసీదు కాడ గూడా అడిగారు. నేనొకసారి పోయి నా పిల్ల ఆడేటప్పుడు దాని మొహం చూశా. ఆ మొహం ఇంట్లో ఎప్పుడూ చూళ్లా. నువ్వు గూడా ఒకసారి వచ్చి చూడు. చూసినాక గూడా మాన్పిస్తానంటే నేనేం మాట్టాడను."

మా నాన్న గుంటూరులో ఒక మ్యాచ్‌కు వచ్చాడు. తెల్ల పంచె, కండువా వేసుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. మేం గెలిచాం. తిరుగు బస్సులో, నరసరావుపేట దగ్గరపడ్డాక, "ఆ ఎనకున్న పిల్ల లేకపోతే నీ ఆట ఏం లేదే," అన్నాడు. ఆ తర్వాత ఆట మాన్పించే మాట మళ్లీ ఎత్తలేదు.

తర్వాతి కొన్నేళ్లు నా జీవితంలో మంచి రోజులు. టోర్నమెంట్ల కోసం దేశమంతా రైళ్లలో తిరిగాం. పై బెర్తు నాకు, కింద బెర్తు ఆమెకు. చలి ఊళ్లలో ఒకే రగ్గు. జాన్‌బీ పిన్ని కట్టిచ్చిన చింతపండు పులిహోర రెండో రోజుకు పులిసినా తినేవాళ్లం. ఓడిన రోజు రిజ్వానా అక్క ఒక్క ముక్క మాట్లాడేది కాదు. మర్నాడు పొద్దున్నే నన్ను లేపి, ఓడిన మ్యాచ్ మొత్తం పళ్లెంలో వేళ్లతో గీసి చూపించేది. ఇక్కడ నువ్వున్నావు, ఇక్కడ నేనున్నాను, మధ్యలో ఇంత సందు ఎవరిదనుకున్నావు అని అడిగేది. మధ్యలో పడినవాటి మీదే మాకు గొడవలు. ఇద్దరం నీదంటే నీదనుకుని వదిలేసిన కాక్‌లు. "సందులో పడిందంటే ఇద్దరిదీ. ఇద్దరం కొడదాం. రాకెట్లు తగులుకుంటే తగులుకున్నయ్యి," అనేది. నిజంగానే చాలాసార్లు తగులుకున్నాయి. ఒకసారి నా వేలి గోరు లేచిపోయింది. ఆ పాయింటు మాకే వచ్చింది.

ఆమె కుడి మోకాలు చెడుతోందని నాకు చప్పుడు వల్లే తెలిసింది. వెనక కోర్టులో ఎగిరి కొట్టి కిందికి దిగేటప్పుడు రెండు బూట్లు ఒకేసారి నేలను తాకే చప్పుడు నా చెవికి బాగా తెలుసు. ఒక సీజన్‌లో అది మారింది. ఒక కాలు గట్టిగా, రెండోది దాని వెంట ఈడ్చుకుంటూ. మ్యాచ్ అయ్యాక అడిగితే, "కొత్త బూట్లు, కరుస్తన్నయి," అంది. ఆ తర్వాత ఆమె కిట్ బ్యాగులో నొప్పి బిళ్లలు కనపడ్డాయి. ముందు మ్యాచ్‌కొకటి. తర్వాత పొద్దునా సాయంత్రమూ. తర్వాత అన్నం తిన్నా తినకపోయినా. ఒక టోర్నమెంటులో పొద్దున లేచి నిలబడలేకపోతే, ఎవరో చెప్పిన ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లి మోకాలికి ఇంజక్షన్ చేయించుకుని వచ్చి ఆడింది. గెలిచాం కూడా. ఆ ఏడాది అలాంటి ఇంజక్షన్లు ఇంకొన్ని పడ్డాయి. ప్రతిసారీ ఇదే ఆఖరిదని చెప్పేది.

ఒక సీజన్ ఆగుదామని నేను చాలాసార్లు బతిమాలాను. ఒకసారి రైల్లో ఆమె మోకాలికి ఐసు కడుతూ గట్టిగానే అడిగాను.

"ఈ ఏడాది మానేద్దాం అక్కా. ఆపరేషన్ చేయించుకో. వచ్చే ఏడాది ఆడదాం."

"ఆగితే ర్యాంకు పోద్ది. ర్యాంకు పోతే క్యాంపు పోద్ది. మనం మళ్లీ మొదట్నించి మొదలుపెట్టాల."

"పోతే పోద్ది."

"నా ఒక్కదానిదైతే పోనిచ్చేదాన్నే. జోడీ ర్యాంకు ఇద్దరిదీ. నువ్విప్పుడు మంచి ఊపు మీదుండావు. నా కాలు కోసం నిన్ను కూచోబెట్టనా? ఐసు గట్టిగా కట్టు, కారతంది."

క్యాంపంటే జాతీయ శిక్షణ శిబిరం. దానికి పిలుపు రావడమే అప్పట్లో మా ఇద్దరి కల. అక్కడికి వెళితే విదేశాల్లో ఆడొచ్చు. మంచి కోచ్‌లు, మంచి డాక్టర్లు ఉంటారు, మోకాలు కూడా వాళ్లే చూస్తారని ఆమె ఆశ. ఆ ఏడాది చివర జాబితా వచ్చింది. అందులో నా పేరుంది. ఆమె పేరు లేదు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఒక ఎడమచేతివాటం అమ్మాయితో నన్ను జతకట్టారు. వయసు, మోకాలు, ముందు ముందు ఎన్నాళ్లు ఆడగలదు అని చూశారట. వాళ్ల లెక్కలో తప్పేమీ లేదని ఇప్పుడు కోచ్‌గా నాకు తెలుసు. అప్పుడు మాత్రం ఆ కాగితం చించి పారేయాలనిపించింది. ఇంటి నుంచి ఆమెకు ఫోన్ చేసి, నేను వెళ్లనని చెప్పాను. ఏడ్చాను కూడా.

ఆమె పకపకా నవ్వింది. "ఏమే పిచ్చిదానా! ఎళ్లనంటే ఏంది? నీకు రాకపోతే నేను ఏడవాల. వచ్చినందుకు నువ్వేడుస్తన్నావేందే? నాకేం పర్లేదు. నువ్వు ఎళ్లిరా."

మూడోరోజు నేను బయలుదేరుతుంటే నరసరావుపేట బస్టాండుకు వచ్చింది. బస్సు కదిలేదాకా కిటికీ పక్కన నిలబడి, ఆ కొత్త అమ్మాయి గురించి చెబుతూనే ఉంది. ఆ అమ్మాయి మ్యాచ్‌లు ఫోన్లో చూసిందట. "అది ఎడమచేత్తో ఆడుద్ది. నాతో ఆడినట్టు కుడివైపు ఒదిలితే ఇద్దరి చేతులూ మధ్యలోకే వస్తయి. నువ్వు ఒక అడుగు అటు జరుగు. అది సర్వీసుకు ముందు భయపడుద్ది, ఏదోటి మాట్టాడతా ఉండు." అలా నవ్వుతూ చెబుతూనే ఉంది. బస్సు మలుపు తిరిగాక కూడా చెయ్యి ఊపుతూ కనిపించింది. ఆ రోజు ఆ నవ్వు చూసినవాళ్లెవరైనా నమ్ముతారు. నేనూ నమ్మాను.

ఆ మరుసటి ఏడాది జాతీయ పోటీల్లో, క్వార్టర్‌ఫైనల్లో మేం ఎదురెదురుగా ఆడాల్సి వచ్చింది. ఆమె పక్కన ఒక చిన్నపిల్లను పెట్టుకుని ఆడుతోంది. నా కుడి నడుము మీదికి గట్టిగా కొడితే నేను తడబడతానని ఈ లోకంలో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మొదటి గేమంతా అక్కడే కొట్టింది. జాలి లేదు, మొహమాటం లేదు. ఆ గేమ్ ఓడిపోయాం. రెండో గేమ్ ఎలాగో గెలిచాం. మూడో గేమ్‌లో ఆమె కాలు లాగడం మొదలైంది. వెనక ఎడమ మూలకు ఎత్తి కొడితే ఆమె చేరలేదని నాకు తెలుసు. తెలిసీ నా చెయ్యి అటు పోలేదు. కాక్‌ను నడిమికే పంపుతున్నాను. ఒక పాయింటు అయ్యాక ఆమె లేసు కట్టుకునే నెపంతో నెట్టు దగ్గరికి వచ్చి వంగింది. తల ఎత్తకుండానే, నాకు మాత్రమే వినపడేటట్టు అంది:

"నా కాలు చూసి ఆడతన్నావా? నేను నీ నడుం మీద కొట్టేటప్పుడు నిన్ను చూసి కొట్టానా? ఆడితే సరిగా ఆడు. లేకపోతే బయటికి పో."

ఆ తర్వాత నేను ఆ మూలకే కొట్టాను. ప్రతిసారీ కొట్టాను. ఆమె కొన్నింటిని అందుకుంది, కొన్నింటికి పడింది. పడి లేచి, చెమట తుడుచుకుని మళ్లీ నిలబడింది. చివరికి మేం గెలిచాం. నెట్టు మీదుగా చేతులు కలుపుతూ ఆమె, "ఇప్పుడు ఆడావు," అంది. అంతే. ఎదుటి మనిషి బలహీనత మీద జాలిపడటం కూడా ఒక్కోసారి ఆ మనిషిని తక్కువ చేయడమేనని ఆ రోజు తెలిసింది. తెలిసినా, ఆ మూలకు కొట్టిన ఒక్కొక్క దెబ్బ నా చేతిలో ఇంకా ఉంది. అదే ఆమె ఆడిన ఆఖరి పెద్ద మ్యాచ్.

నా సంగతి పెద్దగా చెప్పుకోవడానికి లేదు. విదేశాల్లో కొన్నాళ్లు ఆడాను. మొదటి రౌండ్లు, రెండో రౌండ్లు. ఆ ఎడమచేతి అమ్మాయి మంచిదే. కానీ వెనక నుంచి వచ్చే చప్పుడు వేరు. దాన్ని నేను పూర్తిగా నేర్చుకోకముందే నా భుజం చెడింది. ఇంటికి వచ్చాను. నేను వచ్చేసరికి రిజ్వానా అక్క పేటలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆటలు నేర్పుతోంది. మోకాలికి ఆపరేషన్ చేయించుకోలేదు. ఇక ఆడేది లేనప్పుడు కోయించుకోవడమెందుకంది. నొప్పి బిళ్లలు మాత్రం నడవడానికి కూడా కావలసి వచ్చేవి. ఒక వేసవిలో పాదాలు వాచాయి. ఎండకేమో అనుకున్నారు. మొహం కూడా వాచాక గుంటూరు తీసుకెళితే, కిడ్నీలు రెండూ దాదాపు పోయాయని చెప్పారు. ఏం మందులు వాడేదని డాక్టరు అడిగాడు. అక్క చెప్పింది. ఎన్నాళ్లు వాడావని అడిగాడు. అది కూడా చెప్పింది. ఆయన ఇంకేమీ అడగకుండా చీటీ రాయడం మొదలుపెట్టాడని మస్తాన్ బాబాయ్ నాతో చెప్పి, షెడ్డు గోడకు ఆనుకుని అలాగే కూర్చుండిపోయాడు. బాబాయ్ తన కిడ్నీ ఇస్తానన్నాడు. షుగర్ ఉంది, పనికిరాదన్నారు. పిన్నిది సరిపోలేదు.

అప్పటినుంచి డయాలసిస్. వారానికి రెండుసార్లు గుంటూరు. వీలైనప్పుడల్లా నేనే నా కారులో తీసుకెళ్లేదాన్ని. మిషనుకు కలపడానికి చేతి నరానికి ఆపరేషన్ చేస్తారు. ముందు ఎడమచేతికి చేశారు, అది నిలవలేదు. తర్వాత కుడిచేతికి చేయాల్సి వచ్చింది. రాకెట్ పట్టిన చెయ్యి. ఆ చోట చర్మం కింద రక్తం వేగంగా పారుతూ ఎప్పుడూ అదురుతూ ఉంటుంది. "పట్టుకుని చూడు," అని నా వేళ్లు అక్కడ పెట్టింది ఒకరోజు. రాకెట్ తీగలు కొత్తగా బిగించి మీటినట్టుంది. నేను చెయ్యి లాక్కోబోతే లాక్కోనివ్వలేదు. ఎక్కువ తాగకూడదని ఆమెకు నీళ్లు కొలిచి ఇచ్చేవాళ్లు. మే నెలలో, మన పల్నాడు ఎండల్లో, దాహమేస్తే ఒక ఐసుముక్క నోట్లో వేసుకుని అది కరిగేదాకా కళ్లు మూసుకునేది. మిషను నడుస్తున్నంతసేపూ ఫోన్లో మ్యాచ్‌లు చూసేది. డబుల్స్ మాత్రమే. వెనక ఆడే మనిషి ఆలస్యంగా కదిలితే అక్కడే తిట్టేది. నర్సులు నవ్వేవాళ్లు.

ఒకరోజు తిరుగుదారిలో, చిలకలూరిపేట దాటాక, చాలాకాలంగా నా గొంతులో ఉన్న మాట అడిగాను. "ఆ బిళ్లలు ఇంత పని చేస్తయని తెలిసుంటే మానేసేదానివా అక్కా?"

ఆమె కిటికీ అద్దానికి తల ఆనించి, బయట ఎండిన పత్తి చేల వైపు చూస్తూ ఉంది.

"మానేదాన్నని చెప్పాలని ఉంది," అంది చివరికి. "మా అమ్మ మొహం చూస్తే అట్టాగే చెప్పాలనిపిస్తది. కానీ నీకు అబద్ధం ఎందుకు చెప్తా? తెలవదే. ఆ రోజుల్లో కోర్టులో దిగినాక నాకు నొప్పి తెలిసేది కాదు. అది బిళ్ల వల్లో, నువ్వు ముందు నిలబడి ఉన్నందుకో, నాకిప్పటికీ తెలవదు."

నేను కారు పక్కకు ఆపాను. ఆమె, "ఎందుకాపావు? పోనియ్. అమ్మ ఎదురు చూస్తా ఉంటది," అంది. మళ్లీ కారు తీశాను.

ఆమె పోయింది ఒక పొద్దుటి పూట. డయాలసిస్‌కు బయలుదేరడానికి బట్టలు మార్చుకుంటూ ఆయాసమొచ్చి మంచం మీద కూర్చుందట, మళ్లీ లేవలేదు. నేను వెళ్లేసరికి ఇంటినిండా ఆడవాళ్లు, షెడ్డునిండా మగవాళ్లు. మా నాన్న నాకన్నా ముందే వచ్చి, మస్తాన్ బాబాయ్ పక్కన ఒక పాత టైరు మీద కూర్చుని ఉన్నాడు. మధ్యాహ్నం మగవాళ్లంతా ఆమెను మోసుకుని వెళ్లారు. మా నాన్న కూడా కండువా తల మీద వేసుకుని, కొంతదూరం భుజం పట్టాడు. ఆడవాళ్లం ఇంట్లోనే ఉండిపోయాం. వెళుతున్న అడుగుల చప్పుడు వీధి చివరిదాకా విన్నాను. తర్వాత అదీ లేదు.

కొన్ని రోజులయ్యాక పిన్నిని చూడటానికి వెళ్లాను. అక్క బట్టలు మడతపెడుతోంది. నేనూ కూర్చుని సాయం పట్టాను. మాటల్లో క్యాంపు జాబితా వచ్చిన రోజు సంగతి ఎత్తింది పిన్ని. ఎవరినీ తప్పు పట్టడానికి కాదు. కూతురి మాటలన్నీ ఒక్కొక్కటీ తవ్వుకుంటోంది, అంతే.

"ఆ రోజు నీతో ఫోన్లో ఎంత నవ్విందో మణీ! నేను గూడా పొయ్యి కాడ నించి విని, పర్లేదులే, బాధపళ్లేదు అనుకున్నా. ఫోను పెట్టేసి షెడ్డులోకి పోయింది. ఆ ట్రాక్టర్ ఎనక టైర్ల సందులో కూకుంది. అన్నానికి రాలా. వాళ్ల నాన్న పోయి పక్కన కూకున్నాడు. మర్నాడు గూడా అంతే. ఎవురితో మాట్టాళ్లా. నిన్ను బస్సెక్కించి వచ్చినాక నా ఒళ్లో తల పెట్టుకుని, 'నవ్వితే నమ్మేసింది అమ్మీ. మంచిదే అయింది. నమ్మకపోతే ఎళ్లేది కాదు,' అంది."

పిన్ని చేతిలోని చొక్కా మడత మళ్లీ విప్పి, మళ్లీ మడిచింది. అన్నేళ్లు జోడీగా ఆడాం. ఆట నడుస్తున్నంతసేపూ ఆమె నా వెనకే ఉండేది. ఆమె అడుగు ఏ మూలన పడుతుందో చెప్పగలను గాని, ఆ క్షణాన ఆమె ముఖం ఎలా ఉండేదో ఒక్కసారి కూడా చూడలేదు. ఆమె కావాలనే నన్ను చూడనివ్వలేదు. చూస్తే నేను ముందుకు వెళ్లనని ఆమెకు తెలుసు. నా ఆట, నా ఉద్యోగం, ఈ హాలు, నాకున్నదంతా ఆ నవ్వు మీద నిలబడి ఉంది.

ఇప్పుడు జట్లు ఎంపిక చేసేవాళ్లలో నేనూ ఉన్నాను. జోడీలను కలపాలి, ఒక్కోసారి విడదీయాలి. తప్పదు. కిందటి నెలలో బొల్లాపల్లి వైపు ఒక ఊరి పిల్లను జిల్లా జట్టులోంచి తప్పించాం. ఆమె జోడీని మాత్రం తీసుకున్నాం. పేర్లు ప్రకటించిన రోజు నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆ పిల్ల తేలిగ్గా నవ్వి, "నాకేం పర్లేదు మేడమ్, దానికొచ్చింది చాలు," అంది.

ఫోన్ పెట్టేసి కారు తీశాను. మెరక చేల మధ్య ఎండలో ఆ ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. వాళ్లమ్మ గుమ్మంలో నన్ను చూసి కంగారుపడి, లోపలికి చెయ్యి చూపించింది. పిల్ల నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నా అలికిడికి తల తిప్పింది. కళ్లు వాచి ఉన్నాయి.

"మేడమ్, మీరెందుకొచ్చారు?"

"ఊరికే వచ్చా."

ఆ పిల్ల కాసేపు నన్నే చూసి, మళ్లీ గోడవైపు తిరిగిపోయింది. తిరుగుతూ కాళ్లు రెండూ దగ్గరికి ముడుచుకుంది, మంచం మీద నేను కూర్చోవడానికి. కూర్చున్నాను.